మంచు కొట్టులో చదువుల తల్లి

పేర్లు భలే తమాషా అయినవి. మనిషి పోయినా పేరు పోదు. వస్తువు పోయినా దాని పేరు మాత్రం వీధి మొగలో అలాగే నిలబడి వుంటుంది. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అంటాం. అక్కడిప్పుడు ఎవరూ ఫిరంగులు పోత పొయ్యడం లేదు. లకడీకాపూల్‌లో దిగి చెక్క వంతెన ఏదీ అని అడిగితే జనం మనకేసి వింతగా చూస్తారు. మద్రాసు ట్రిప్లికేనులో "ఐస్ హౌస్" కూడా ఇలాంటిదే. చెన్నై అని పేరు మారినా నాలాంటివాళ్ళ నోట అది మద్రాసే లెండి. ఆ పేట పేరు ఐస్ హౌస్. అక్కడి పోలీసు స్టేషను పేరూ ఐస్ హౌసే. ఐసు మాత్రం లేదు. అది కరిగిపోయి నూట నలభై ఏళ్ళు దాటింది.

మెరీనా బీచి రోడ్డు మీద సముద్రానికి ఎదురుగా వుంటుంది ఆ ఇల్లు. మీరూ చూసే వుంటారు. మూడంతస్తుల మేడ. ముందు భాగం గుండ్రంగా, పైన అనాసపండు లాంటి తలకట్టుతో, మన ఇళ్ళ పోలికా లేకుండా, పూర్తిగా దొరల బంగళా పోలికా లేకుండా వుంటుంది. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. లోపల వివేకానందస్వామి జీవితం మీద ప్రదర్శన వుంది. చూసి వచ్చినవాళ్ళు స్వామి గురించీ, ఐసు గురించీ చెబుతారు. ఆ రెండు కథల మధ్య ఇంకో కథ వుంది. అది ఆడపిల్లల కథ. నేను చెప్పదలచుకున్నది అదే. కానీ ఇంటి కథ చెప్పకుండా ఇంట్లోవాళ్ళ కథ చెప్పడం కుదరదు కదా!

అమెరికాలో బోస్టన్ అనే ఊళ్ళో ఫ్రెడరిక్ ట్యూడర్ అని ఒక వ్యాపారి వుండేవాడు. ఆ దేశంలో చలికాలం వస్తే చెరువులు గడ్డకట్టుకుపోతాయి. దేవుడు ఊరికే ఇచ్చిన ఆ గడ్డను కోసి, ఎండలు కాసే దేశాలకు పంపి అమ్ముకుంటే ఏం పోయింది అని ఆయనకు తోచింది. అందరూ నవ్వారట. ఆయన నవ్వలేదు. గడ్డల్ని పలకలుగా కోయించి, రంపపు పొట్టు దట్టించి ఓడలకెక్కించాడు. 1833లో మొదటి ఓడ కలకత్తా చేరింది. నాలుగు నెలల ప్రయాణం! ఎక్కించినదాంట్లో బాగానే కరిగిపోయింది గాని, అమ్ముకోవడానికి చాలినంత మిగిలింది. ఆ తర్వాత ఆయన కలకత్తాలో, బొంబాయిలో, మద్రాసులో మంచు కొట్లు కట్టించాడు. మద్రాసు కొట్టు 1842 నాటిది. మిగతా రెండూ పోయి, ఇదొక్కటే మిగిలింది. అమెరికా రచయిత థోరో తాను కాపురమున్న వాల్డెన్ చెరువులో ట్యూడర్ మనుషులు ఐసు కోసుకుపోవడం చూసి, 1854లో వచ్చిన తన పుస్తకంలో మద్రాసు పేరు కూడా రాశాడు. ఆయన చెరువు నీళ్ళు మన మద్రాసులో దొరల గ్లాసుల్లోకి వచ్చేవన్నమాట.

అప్పటికి మద్రాసుకు రేవు లేదు. ఓడ దూరంగా నిలబడితే, మసూలా పడవలు అలల మీద ఎగిరిపడుతూ వెళ్ళి సరుకు దింపుకొచ్చేవి. దించిన ఐసు ఎండలో కరిగే లోపల చల్లని చీకట్లోకి చేరాలి. అందుకే సముద్రం ఒడ్డునే ఆ కొట్టు. మందపాటి గోడలు. గాలి చొరబడకుండా, వెలుగు పడకుండా కట్టారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1870లు వచ్చేసరికి ఐసును యంత్రాలతో ఇక్కడే చెయ్యడం మొదలైంది. నాలుగు నెలల ప్రయాణం చేసి వచ్చే ఐసు ఎవరిక్కావాలి? వ్యాపారం మూతపడింది. ఖాళీ కొట్టును బిళిగిరి అయ్యంగారనే హైకోర్టు వకీలుగారు కొన్నారు. కిటికీలు తెరిపించి, గుండ్రంగా వరండాలు కట్టించి దాన్ని ఇల్లు చేశారు. కెర్నాన్ అనే జడ్జిగారి మీద గౌరవంతో "కాజిల్ కెర్నాన్" అని పేరు పెట్టారు. కొంత భాగం బీద విద్యార్థులకు వసతిగా ఇచ్చారు. ఆ ఇంటికి చదువుతో అదే మొదటి చుట్టరికం.

1897 ఫిబ్రవరిలో, పడమటి దేశాల నుంచి తిరిగి వచ్చిన వివేకానందస్వామి ఆ ఇంట్లో తొమ్మిది రోజులు బస చేశారు. ఆయన వెళ్ళాక, ఆయన పంపగా వచ్చిన రామకృష్ణానందస్వామి అక్కడే మఠం నడిపారు. అయ్యంగారు 1902లో పోయారు. 1906లో ఇల్లు వేలానికొచ్చి, చేతులు మారింది. మఠం మైలాపూరుకు తరలిపోయింది. 1917లో ప్రభుత్వం ఆ ఇంటిని కొన్నది. ఎందుకు కొన్నదో తెలియాలంటే ఒక పిల్ల కథ వినాలి.

ఆ పిల్ల పేరు సుబ్బలక్ష్మి. 1886లో మైలాపూరులో పుట్టింది. పదకొండో ఏట పెళ్ళయింది. కొద్దికాలానికే పెళ్ళికొడుకు పోయాడు. ఆ వయసు పిల్లకు పెళ్ళంటే తెలియదు, వైధవ్యమంటే అంతకన్నా తెలియదు. తెలిసినవాళ్ళు పెద్దలు. ఆ పెద్దలు తలుచుకుంటే ఏం చేసేవారో మన ఇళ్ళల్లో ముసలివాళ్ళను అడగండి, చెబుతారు.

మా అమ్మమ్మకు ఒక మేనత్త వుండేది. ఆవిడ పేరు ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. "అత్తయ్య" అనేవారు, అంతే. తొమ్మిదో ఏట తాళి తెగింది. తలమీద ముసుగు, మడి పంచె, ఒంటిపూట భోజనం. పురుళ్ళకు ఆవిడ కావాలి, పచ్చళ్ళకు ఆవిడ కావాలి, జబ్బు చేసినవాళ్ళ మంచం దగ్గర ఆవిడ కావాలి. పెళ్ళికి మాత్రం ఆవిడ ఎదురు రాకూడదు. ఆవిడకు లెక్కలు భలే వచ్చేవట. పాలవాడి నెల లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పేసేదట. "చదివిస్తే ఎంతటిదయ్యేదో!" అనేది మా అమ్మమ్మ. ఎవరూ చదివించలేదు. డెబ్భై ఏళ్ళు ఆ ఇంట్లో బతికి, ఆ ఇంట్లోనే పోయింది.

సుబ్బలక్ష్మి అదృష్టం ఆమె తండ్రి. సుబ్రహ్మణ్య అయ్యరుగారు కూతురికి గుండు చేయించలేదు, మూల కూర్చోబెట్టలేదు. పుస్తకం చేతికిచ్చారు. ఊరు ఊరుకుంటుందా? నానామాటలూ అన్నది. ఆయన విన్నాడు గాని వెనక్కి తగ్గలేదు. సుబ్బలక్ష్మి కాన్వెంటులో చదివింది, తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో చేరింది. 1911లో బి.ఏ. పాసయింది. మద్రాసు రాజధానిలో డిగ్రీ తీసుకున్న మొదటి హిందూ వితంతువు ఆమే.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. ఒక తండ్రి మంచివాడైతే ఒక కూతురు బాగుపడింది. కానీ అలాంటి తండ్రులు ఎందరుంటారు? మిగతా పిల్లల గతేమిటి? ఈ ప్రశ్న ఆమెను ఊరుకోనివ్వలేదు. అదే ఏడు ఎగ్మూరులో తమ ఇంట్లోనే నలుగురు బాలవితంతువులను చేరదీసి చదువు మొదలుపెట్టింది. సన్యాసినీ కాదు, నర్సూ కాదు. అయినా అందరూ ఆమెను "సిస్టర్ సుబ్బలక్ష్మి" అన్నారు. నలుగురితో మొదలైన ఇల్లు పదులకొద్దీ పిల్లలతో నిండింది. 1912లో శారదా లేడీస్ యూనియన్ అనే మహిళా సంఘాన్ని కూడా ఏర్పాటు చేసింది.

ఇక్కడ ఇంకొకావిడను తలుచుకోవాలి. క్రిస్టినా లించ్ అని, బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్ట్రెసు. ఆవిడ బాధ ఆవిడది. బడులున్నాయి, పంతులమ్మలు లేరు. పంతులమ్మ లేని బడికి ఎదిగిన పిల్లను పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోరు. పెళ్ళైన ఆడది ఇల్లు వదిలి ఉద్యోగానికి రాదు, పెళ్ళికాని ఎదిగిన పిల్ల ఏ ఇంట్లోనూ కనిపించదు. ఇక మిగిలిందెవరు? ఏ ఇంటికీ బరువు తప్ప మరేమీ కాదని అందరూ అనుకునే బాలవితంతువులు! వాళ్ళకు చదువు చెప్పి, ట్రైనింగిచ్చి పంతులమ్మల్ని చేస్తే వాళ్ళ బతుకూ నిలబడుతుంది, బడులూ నిలబడతాయి. లించ్ దొరసానిగారి ఆలోచనా సుబ్బలక్ష్మి ఆవేదనా ఒకచోట కలిశాయి. ప్రభుత్వం డబ్బు సాయానికి ఒప్పుకుంది.

డబ్బుంటే సరిపోతుందా? ఇల్లు కావాలి. అద్దె ఇల్లు వెతుక్కునే బాధ మీకూ నాకూ తెలియనిది కాదు. "ఎంతమంది వుంటారు? నీళ్ళెక్కువ వాడతారా? మీవారేం చేస్తారు?" ఇవే కదా ప్రశ్నలు! ఒంటరి ఆడపిల్ల ఉద్యోగం చేసుకుంటానంటే ఈ రోజుకీ గది ఇవ్వడానికి నసిగే ఊళ్ళు మనవి. అలాంటిది వందేళ్ళ కిందట, పొద్దున్నే ఒక విధవ ఎదురైతే వెనక్కి తిరిగి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరే కాలంలో, ఇంటినిండా వితంతువులే వుంటారంటే వీధి మొత్తం ఏమనుకుంటుందో ఊహించండి.

ఆ సమయానికి దొరికింది ఐస్ హౌస్. పెద్ద ఇల్లు. ఇరుగు పొరుగు ఆనుకుని లేదు. ఎదురుగా సముద్రం. ఎన్ని కిటికీలు తెరిపించినా మొదట మంచుగడ్డల కోసం కట్టిన కొట్టు కాబట్టి కాపురానికి అంత అనువైనదేం కాదు. మంచి గాలీ వెలుతురూ వున్న ఇళ్ళు మంచివాళ్ళనుకున్న వాళ్ళకు పోయాక, ఎవరికీ అక్కర్లేని ఇల్లు ఎవరికీ అక్కర్లేని పిల్లలకు వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా గట్టిగా తగిలిన సంగతి ఇదే. చీకటి కోసం కట్టిన గోడల మధ్య కూర్చుని ఆ పిల్లలు అక్షరాలు దిద్దారు, లెక్కలు చేశారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు.

ఆ పిల్లల రోజు ఎలా గడిచేదో ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో వుంటే వాళ్ళను పొద్దున్నే లేపేది పని కోసం. ఇక్కడ లేపేది పాఠం కోసం. ఇంట్లో ఒక్కతే విధవ, అందరికీ భిన్నం. ఇక్కడ అందరూ తనలాంటివాళ్ళే. పక్కచాప మీద పిల్ల కథా తన కథా ఒకటే అయినప్పుడు ఇక సిగ్గుపడవలసిందేముంది? పాఠాల సంగతి అటుంచండి, ఆ చాప పక్కన చాపే సగం వైద్యం చేసి వుంటుందని నాకనిపిస్తుంది.

అదే బీచి రోడ్డు మీద 1914లో ఆడవాళ్ళ కోసమే ఒక కాలేజీ వెలిసింది. తర్వాత క్వీన్ మేరీస్ కాలేజీ అని పేరు పొందింది అదే. ఐస్ హౌస్ పిల్లల్లో పైచదువుకు వెళ్ళినవాళ్ళకు కాలేజీ నడిచిపోయేంత దూరం. 1922లో ఐస్ హౌస్ పక్కనే లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. పంతులమ్మల తయారీకి, పాఠాలు చెప్పి చూసుకోవడానికి ఒక బడితో సహా. మొదటి ప్రిన్సిపాలు సుబ్బలక్ష్మిగారే. అంటే చూడండి: ఇక్కడ చదువు, అక్కడ డిగ్రీ, పక్కనే ట్రైనింగు, ఆ పైన ఉద్యోగం. ఒక వితంతువు చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కించే మేడ, రోడ్డు పొడుగునా కట్టారన్నమాట. ఇది చాలదన్నట్టు పక్కనే వున్న కుప్పంలో చేపలు పట్టేవాళ్ళ పిల్లలకూ ఆమె బడి పెట్టింది. ఐస్ హౌస్‌లో వయసు మీరినవాళ్ళను చేర్చుకోవడానికి వీలు లేకపోతే, వాళ్ళు ఏం కావాలని 1920లలో శారదా విద్యాలయం ప్రారంభించింది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఐస్ హౌస్ గృహం బ్రాహ్మణ వితంతువుల కోసం మాత్రమే. వైధవ్యం ఒక్క కులానికే రాదు, కష్టం ఒక్క ఇంటికే పరిమితం కాదు. కానీ అక్కడి గడప ఆ కులం దాటలేదు. మడీ ఆచారమూ ఆ ఇంట్లోనూ నడిచాయి. లేకపోతే ఆ తండ్రులు పిల్లల్ని పంపరని సుబ్బలక్ష్మిగారి లెక్క. పునర్వివాహం జోలికి కూడా ఆ గృహం పోలేదు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరందరితో తగాదా పెట్టుకున్నారు. ఆయన దారి వేరు, ఈవిడ దారి వేరు. ఆయన "మళ్ళీ పెళ్ళి చేద్దాం" అన్నారు. ఈవిడ "ముందు తన కాళ్ళ మీద నిలబడనీండి" అంది. ఎవరిది సరైన దారి అని నన్నడిగితే, పెళ్ళి కావలసినదానికి పెళ్ళి, చదువు కావలసినదానికి చదువు అంటాను. రెండూ లేకపోవడమే కదా మా అమ్మమ్మ మేనత్తకు జరిగింది!

తెలుగు నేల మీదా ఈ పని చేసినవాళ్ళున్నారు. పంతులుగారు 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో శారదానికేతనం స్థాపించారు. చూశారా, అక్కడా శారద, ఇక్కడా శారద! ఎనిమిదో ఏట పెళ్ళి చేసేసిన మన దుర్గాబాయమ్మగారు ఆ ముడి విప్పుకుని, చదువుకుని, 1937లో అదే మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. వయసు మీరిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. ఎక్కడ చూసినా కథ మొదలయ్యేది ఒక్కచోటే. ఉపన్యాసాలు చాలామంది ఇచ్చారు. 1856లోనే వితంతు వివాహ చట్టం వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండందే పెళ్ళి చెయ్యకూడదని 1929లో శారదా చట్టమూ వచ్చింది. అయితే చట్టం ఇంటికొచ్చి పిల్లను లేవదీసుకుపోదు. "నా దగ్గరకు రా, ఇక్కడ పడుకో, ఇక్కడ తిను, ఇక్కడ చదువుకో" అనే ఒక కప్పు, ఒక గుమ్మం వుండాలి. అప్పుడే చట్టమైనా ఉపన్యాసమైనా ఆడపిల్లకు అందుతుంది.

సుబ్బలక్ష్మిగారికి 1920లో కైజర్-ఇ-హింద్ పతకం, 1958లో పద్మశ్రీ వచ్చాయి. 1969లో కన్నుమూశారు. ఐస్ హౌస్‌లో వితంతు గృహం 1941 దాకా సాగింది. ఆ తర్వాత టీచర్ ట్రైనింగు చదివేవాళ్ళకు హాస్టలుగా వుంది. 1963లో స్వామి శతజయంతికి "వివేకానందర్ ఇల్లం" అని పేరు మార్చారు. 1997లో, స్వామి అక్కడ బస చేసి నూరేళ్ళైన సందర్భంలో, రామకృష్ణ మఠానికి లీజుకిచ్చారు. మఠం వాళ్ళు శ్రద్ధగా బాగుచేసి నిలబెట్టారు. పాత కట్టడాల మీద ప్రేమ వున్నవాళ్ళందరూ అందుకు సంతోషించాలి. స్వామి అడుగుపెట్టిన ఇల్లు కాబట్టే అది నిలిచింది. లేకపోతే మిగతా రెండు మంచు కొట్ల దారే పట్టేదేమో!

అన్ని ఇళ్ళకూ అలాంటి పుణ్యం వుండదు. 2003లో క్వీన్ మేరీస్ కాలేజీ కూలగొట్టి ఆ స్థలంలో సచివాలయం కట్టాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. ఆ కాలేజీ ఆడపిల్లలు ఊరుకోలేదు. గేట్లు మూసుకుని లోపల బైఠాయించారు. పాత విద్యార్థినులు, అమ్మమ్మలైనవాళ్ళు కూడా, వాళ్ళకు తోడు వచ్చారు. చివరికి ఆ ఆలోచన విరమించుకోక తప్పలేదు. ఇటుకా సున్నం కోసం ఎవరూ అంత పట్టు పట్టరు. తమ తల్లులు మొదటిసారి పుస్తకం పట్టుకుని నడిచిన వరండా అది. దాన్ని పడగొడితే, ఆ నడక ఎప్పుడూ జరగలేదన్నట్టే అయిపోతుందని వాళ్ళకు తెలుసు.

ఒక్క సంగతి మాత్రం నా మనసులో మెదులుతూనే వుంటుంది. ఆ ఇంటికి ఇప్పటికి మూడు పేర్లు. ఐసు పేరు ఒకటి, జడ్జిగారి పేరు ఒకటి, తొమ్మిది రోజులుండి వెళ్ళిన స్వామి పేరు ఒకటి. ఏళ్ళ తరబడి అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకుని, ఊరూరా బడుల్లో పాఠాలు చెప్పిన ఆడపిల్లల పేరు దానికి ఎప్పుడూ రాలేదు. నేను ఫిర్యాదు చెయ్యడం లేదు. వాళ్ళకు మాత్రం పేర్లెవరు గుర్తుపెట్టుకున్నారు గనక!

మీ ఊళ్ళోనూ వుండే వుంటుంది ఒక పాత ఆడపిల్లల బడి. పెంకుటిల్లో, మిద్దో, ఎవరో జమీందారుగారు వదిలేసిన దివాణమో. గుమ్మం మీద కట్టించినవారి పేరు, తెరిచిన దొరగారి పేరు చెక్కి వుంటాయి. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆ పలక చదివి ఊరుకోకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడగండి: "అమ్మమ్మా, ఆ బళ్ళో మొదట చదివిందెవరే? ఆవిడ పేరేమిటి?" చెబితే, కాస్త తీరిక చేసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టండి.